గృహ కూడికలు మూడు నెలలకే ఎందుకు ఆగిపోతున్నాయి? (గాజువాక, కూర్మన్నపాలెం వైపు)

కూర్మన్నపాలెం_బి_షిఫ్ట్
అందరికీ వందనాలు. మా సంఘంలో ఆదివారం ఆరాధనకు మూడొందల మంది దాకా వస్తారు. ముందు కుర్చీల వాళ్లకి వెనక కుర్చీల వాళ్ల పేర్లు తెలియవు. ఆశీర్వాదం అయ్యాక "ప్రైజ్ ద లార్డ్ బ్రదర్" అనుకుని ఎవరి బండి వాళ్లు తీస్తారు. మా పాస్టరు అయ్యగారు గృహ కూడికలు (కొన్ని కుటుంబాలు ఇళ్లలో కలిసి చేసుకునే ప్రార్థనలు) మళ్లీ మొదలుపెడదామని ఈ ప్రాంతం బాధ్యత నాకు అప్పగించారు. ఇంతకుముందు రెండుసార్లు మొదలై ఆగిపోయాయి. సహవాసం ముఖ్యమని వాక్యాలు పంపొద్దు, అవి అందరికీ కంఠతా వచ్చు. ఎంతమంది ఉండాలి, ఎంతసేపు, షిఫ్టుల వాళ్లని ఎలా కలుపుకోవాలి, డబ్బు సాయం ఎలా చెయ్యాలి, ఎక్కడ చెడుతుంది, ఇవి చెప్పండి.

పాతపోస్టాఫీసు_పెద్ద
బ్రదర్, ముందు లెక్క. పెద్దవాళ్లు 8 నుంచి 12 మంది, అంటే నాలుగైదు ఇళ్లు. అంతకు మించొద్దు. మనిషికి రెండు నిమిషాలు తన సంగతి చెప్పుకుంటే పన్నెండుమందికి 24 నిమిషాలు. ఇరవైమంది ఉంటే సగంమంది నోరు విప్పరు, నోరు విప్పనివాళ్లు నెలలోపు రావడం మానేస్తారు. మానేసినట్టు కూడా ఎవరికీ తెలియదు. అసలు జబ్బు అదే.

మొత్తం 75 నిమిషాలు. పాటలు 10, అంటే రెండే రెండు. వాక్యం చదివి మాట్లాడుకోవడం 25. ప్రార్థన అంశాలు, ప్రార్థన 30. టీ 10. చాలా కూడికలు పాటలకే నలభై నిమిషాలు మింగేస్తాయి, ఆ తరవాత నాయకుడు ఇంకో ప్రసంగం చేస్తాడు. ఆదివారం విన్నదే శుక్రవారం మళ్లీ వినడానికి షిఫ్టు దిగి ఎవరొస్తారు?

వాక్యం విషయంలో నాయకుడి పని మూడు ప్రశ్నలు అడగడం: ఇందులో ఏముంది, నాకేం అర్థమైంది, ఈ వారం ఏం చెయ్యాలి. మూడో ప్రశ్నకి జవాబు ఒక పనిగా ఉండాలి. "ఇంకా ఎక్కువ ప్రార్థిస్తాను" అంటే ఒప్పుకోకండి. "బుధవారం ఫలానా ఆంటీ ఇంటికి వెళ్లొస్తాను" అంటే రాసుకోండి.

ఇంగ్లండ్‌లో మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ గుంపులు చాలామందికి తెలుసుగానీ అవి ఎలా పుట్టాయో తక్కువమందికి తెలుసు. 1742లో బ్రిస్టల్‌లో ప్రార్థనా మందిరం కట్టిన అప్పు తీరడం లేదు. పన్నెండుమందికి ఒకరిని పెట్టి, వారానికి తలా ఒక పెన్నీ వసూలు చెయ్యమన్నారు. ఇవ్వలేనివాళ్లది ఆ నాయకుడే భరించాలి. వసూలుకని ఇంటింటికీ తిరిగితే ఎవరింట్లో జబ్బు, ఎవరింట్లో గొడవ, ఎవరు తాగుతున్నారు అన్నీ కళ్లబడ్డాయి. అప్పు కోసం పెట్టిన ఏర్పాటు కాపరి పనికి అక్కరకొచ్చింది. మనకి పెన్నీలతో పని లేదు, ఇంటికి వెళ్లడంతోనే పని. నెలకి ఒకసారైనా ప్రతి ఇంటికీ కూడిక లేని రోజున నాయకుడు వెళ్లాలి. పది నిమిషాలు చాలు.

కూర్మన్నపాలెం_బి_షిఫ్ట్
అయ్యా, షిఫ్టుల సంగతి? స్టీల్ ప్లాంట్ వాళ్లు ఒక వారం ఎ (ఉదయం), ఒక వారం బి (మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా), ఒక వారం సి (రాత్రంతా). పోర్టు వాళ్లది, నేవీ కుటుంబాలది వేరే లెక్క.

పాతపోస్టాఫీసు_పెద్ద
ఒకే రోజు పెట్టుకుంటే బి షిఫ్టు వాళ్లు ఆ వారం ఎలాగూ రాలేరు. అందుకని నెలకి రెండు శుక్రవారం సాయంత్రాలు 6:30కి, రెండు ఆదివారం మధ్యాహ్నాలు 3:30కి. ఏ షిఫ్టు వాళ్లకైనా నెలకి కనీసం రెండు అందుతాయి. రానివాళ్ల పేరు చదివి "ఫలానా బ్రదర్ చల్లారిపోయారు" అనే అలవాటు ఉంటే ముందు అది మాన్పించండి. సి షిఫ్టు దిగి పడుకున్న మనిషిని మధ్యాహ్నం లేపి ప్రార్థనకి పిలవడం ఆత్మీయత కాదు.

నాయకులు ఇద్దరుండాలి, ఇద్దరూ ఒకే షిఫ్టు వాళ్లు కాకూడదు. మన ఊరి చరిత్రలోనే దీనికి ఉదాహరణ ఉంది. లండన్ మిషనరీ సొసైటీ నుంచి క్రాన్, డెస్ గ్రాంజెస్ ఇద్దరూ విశాఖలో దిగింది 1805లో. బైబిలును తెలుగులోకి అనువదించే పని మొదలుపెట్టారు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో చనిపోయారు. అయిదేళ్లలో ఇద్దరూ పోయారు. అనువాదంలో సాయపడ్డ ఆనందరాయరు లాంటి తోడు ఉండబట్టి, వెనక వచ్చిన ప్రిచెట్ ఆ అనువాదం పని అందుకోబట్టి 1818లో తెలుగు కొత్త నిబంధన అచ్చైంది. ఒక్కరి మీద నిలబెట్టిన కూడిక ఆయనకి బదిలీ అవగానే పోతుంది. మొదటి నెల నుంచే రెండో మనిషి చేత వారం విడిచి వారం నడిపించండి.

జ్ఞానాపురం_విచారణ
మాది కేథలిక్ విచారణ (పారిష్), అయినా ఇందులో వేరేమీ లేదు. మా చిన్న క్రైస్తవ సమాజాల్లో ప్రసంగం సమస్య రాకుండా ఏడు మెట్ల పద్ధతి వాడతారు. దక్షిణాఫ్రికాలోని లుమ్కో సంస్థ నుంచి వచ్చింది. ఒకరు చిన్న ప్రార్థనతో ప్రభువును ఆహ్వానిస్తారు. వాక్యభాగం చదువుతారు. తరవాత ఎవరికి తాకిన మాట వాళ్లు, మాట మాత్రమే, వివరణ లేకుండా, నెమ్మదిగా రెండు మూడుసార్లు పలుకుతారు. మూడు నుంచి అయిదు నిమిషాలు మౌనం. ఆ తరవాత తమకి తోచింది పంచుకుంటారు, ఇక్కడ ఒకరు చెప్పినదాన్ని ఇంకొకరు సరిదిద్దకూడదు. ఆరో మెట్టులో ఈ పేటలో ఇప్పుడు ఏ పని ముందుంది, ఎవరు చేస్తారు, ఎప్పటికి చేస్తారు అన్నది తేల్చుకుంటారు. చివర సొంత మాటల ప్రార్థన.

తప్పేదెక్కడంటే మూడో మెట్టు, ఆరో మెట్టు. మూడో మెట్టులో చదువుకున్నవాళ్లు వ్యాఖ్యానం మొదలెడతారు. ఆరో మెట్టు టైమ్ లేదని వదిలేస్తారు. ఆరోది వదిలేస్తే మిగిలేది భక్తి, పక్కింటి మనిషి మిగలడు. చదువు రాని అమ్మలు మూడో మెట్టులో ఒక్క మాట పలుకుతారు చూడండి, ఆ మాటతోనే వాళ్లు కూడికలో భాగస్తులవుతారు. మౌనానికి మాత్రం మొదట్లో అందరూ ఇబ్బంది పడతారు, రెండో నిమిషంలోనే ఎవరో పాట ఎత్తుకుంటారు. నాయకుడు చెయ్యి చూపించి ఆపాలి.

మధురవాడ_ఫ్లాట్
అపార్ట్‌మెంట్లలో పెట్టేవాళ్లకి. మైకు, స్పీకరు, డోలక్ వద్దు, చప్పట్లు కూడా తక్కువే. మొదటి కూడికకి ముందు ఎదురు ఫ్లాటు వాళ్లకి, కింద ఫ్లాటు వాళ్లకి ఇంటామె స్వయంగా వెళ్లి చెప్పాలి, ఏ రోజు, ఎన్ని గంటల దాకా అని. చెప్పులు కారిడార్‌లో గుట్టగా పడేస్తే గొడవ అక్కడే మొదలవుతుంది, లోపల గోనెపట్టా పరిచి దానిమీద పెట్టించండి. విజిటర్ పార్కింగ్ రెండు బళ్లకే ఉంటుంది, మిగతావి బయట పెట్టుకోమనండి. 8:30కల్లా అందరూ దిగిపోవాలి.

తినేది టీ, బిస్కెట్లు. ఇది నియమంగా పెట్టండి, రాతపూర్వకంగా. ఒకరు ఉప్మా చేస్తే తరవాతి ఇంట్లో పూరీ, ఆ తరవాత బిర్యానీ. నాలుగో ఇంటావిడ "ఈసారి మా ఇంట్లో వీలుకాదు వదినా" అంటుంది. ఆవిడకి భక్తి తగ్గలేదు, గ్యాస్ బండ ధర పెరిగింది.

చేదునిజం
టీ గురించి అన్నారు కాబట్టి ఇంకో మాట. వరుస ప్రకారం అన్ని ఇళ్లలో పెడతాం అని రాసుకుంటారు. ఆరు నెలల తరవాత పట్టిక తీసి చూడండి, ఏ ఇళ్లలో పెట్టలేదో. ఆ ఇళ్ల పేట ఏది, కులం ఏది అన్నది కూడా చూడండి. "వాళ్లది చిన్న గది", "లోపల సందు, బళ్లు పోవు" అని కారణాలుంటాయి. సముద్రం ఒడ్డున జాలరిపేటలో ఒక గదిలో పదిమంది కూర్చోగలరు, మనకి మనసుంటే. ఇంకో గుర్తు: ఆ ఇంట్లో కూడిక పెడతారు, టీ వచ్చేసరికి "ఇప్పుడే తాగొచ్చానమ్మా" అని కొందరు కప్పు ముట్టరు. అంతియొకయలో పేతురు అన్యజనులతో, అంటే యూదులు కానివాళ్లతో, కలిసి తింటూ తింటూ మనుషులకి భయపడి వెనక్కి జరిగితే పౌలు అందరి ఎదుటా నిలదీశాడు, గలతీయులకు 2వ అధ్యాయం. మన నాయకుడు పౌలులా అందరి ఎదుటా నిలదీయక్కర్లేదు, కప్పు ముందు తను తీసుకుని తాగితే చాలు.

పాతపోస్టాఫీసు_పెద్ద
చేదునిజం గారూ, మాట పదునుగా ఉన్నా నిజమే. ఒక్క సవరణ. చిన్న గది వాళ్లని బలవంతం కూడా చెయ్యకూడదు. మంచంలో పెద్దవాళ్లున్న ఇల్లు, భర్త విశ్వాసి కాని ఇల్లు, అద్దె యజమాని ఒప్పుకోని ఇల్లు ఉంటాయి. ఇంటామెను విడిగా అడగాలి, అందరి ముందూ అడిగితే కాదనలేరు.

లెక్కల_డీకన్
డబ్బు దగ్గరికి వద్దాం, ఎక్కువ కూడికలు విరిగేది ఇక్కడే.

సాయం పెట్టె వేరు, సంఘం కానుక వేరు. దశమభాగం ఇందులో వెయ్యొద్దని మొదటిరోజే చెప్పండి, లేకపోతే సంఘం కమిటీతో తగాదా వస్తుంది. పెట్టె తెరిచేటప్పుడు ఇద్దరుండాలి, ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు. లాంగ్‌బుక్‌లో తేదీ, వచ్చింది, పోయింది, నిల్వ, ఇద్దరి సంతకాలు. సాయం అందుకున్నవాళ్ల పేరు పుస్తకంలో రాయొద్దు, "మందులు", "స్కూలు ఫీజు" అని రాసి బిల్లు కవరులో వేరే పెట్టండి. మూడు నెలలకొకసారి మొత్తాలు మాత్రం చదవండి. రెండు వేల దాకా నాయకులిద్దరూ తేల్చేయొచ్చు, దాటితే కమిటీకి.

చేతికి డబ్బివ్వడం కన్నా మందుల షాపులో, స్కూల్లో కట్టేయడం మేలు. ఇచ్చేది సాయమే, అప్పు కాదు. అప్పుగా ఇస్తే తీర్చలేనివాళ్లు మొహం చూపించలేక కూడిక మానేస్తారు, డబ్బూ పోతుంది మనిషీ పోతాడు.

కూడికలో చీటీపాటలు, షూరిటీ సంతకాలు, ఇన్సూరెన్స్ పాలసీలు, గొలుసుకట్టు మార్కెటింగ్ డబ్బాలు నిషేధం. సామెతలు 11:15 షూరిటీ గురించే. నమ్మకం ఉన్నచోటే ఇవి అమ్ముడవుతాయి, కూడికలోకి వచ్చేది ఆ నమ్మకాన్ని వాడుకోవడానికే. ఎవరైనా క్యాటలాగ్ తీస్తే ఆరోజే పక్కకి పిలిచి చెప్పండి.

ఇంకొకటి. యెరూషలేములో గ్రీకు మాట్లాడే విధవరాండ్రను రోజువారీ పంపకంలో చిన్నచూపు చూస్తున్నారని సణుగుడు వచ్చినప్పుడు, అపొస్తలులు ఏడుగుర్ని ఏర్పరిచారు. ఆ ఏడుగురి పేర్లు చూడండి, అన్నీ గ్రీకు పేర్లే. ఎవరికి అన్యాయం జరిగిందో వాళ్ల వైపు వాళ్ల చేతికే పంపకం వెళ్లింది. పెట్టె తాళం ఎప్పుడూ ఉద్యోగస్తుల దగ్గరే ఎందుకుండాలి?

వార్డు_సిస్టర్
ఆసుపత్రి సంగతి ఎవరూ ఎత్తలేదు. కేజీహెచ్‌లో గానీ ఎక్కడైనా గానీ పదిమంది కలిసి వార్డుకి రావద్దు. ఇద్దరు, అయిదు నిమిషాలు, మెల్లగా ప్రార్థన. పక్క మంచం మీద ఉన్నాయన నిద్రపోలేదు పాపం. "ఏదో పాపం ఒప్పుకోలేదేమో" అనే మాట రోగి ముందు అనొద్దు. "విశ్వాసం ఉంటే మందులెందుకు" అనేవాళ్లని అసలు పంపొద్దు.

చూడ్డానికి వచ్చేవాళ్లకి కొదవ ఉండదు, రాత్రి దగ్గర పడుకునేవాళ్లే దొరకరు. మొదటి రాత్రి ఇంటివాళ్లు ఉంటారు, మూడో రాత్రికి వాళ్లు కూలబడతారు. కాబట్టి పట్టిక మూడో రాత్రి నుంచి వెయ్యండి, రోజుకొకరు, రాత్రి 9 నుంచి ఉదయం 6. ఆడవాళ్ల వార్డుకి ఆడవాళ్లు. వెళ్లేవాళ్లు పట్టుకెళ్లాల్సినవి: ఫ్లాస్కు, దుప్పటి, ఫోన్ చార్జరు, చిల్లర. డిశ్చార్జి అయ్యాక ఇంకో వారం ఇంటికి భోజనం పంపాలి, అప్పుడు అందరూ మర్చిపోతారు. షుగర్ మనిషా, ఉప్పు తగ్గించారా అని అడిగి వండండి.

బ్లడ్ గ్రూపుల పట్టిక పెట్టుకోండి. 18 నుంచి 65 ఏళ్ల లోపు, కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. మగవాళ్లు 90 రోజులకి, ఆడవాళ్లు 120 రోజులకి మళ్లీ ఇవ్వొచ్చు, అందుకే చివరిసారి ఇచ్చిన తేదీ కూడా పక్కన రాయాలి. ఉపవాస ప్రార్థన రోజున ఎవర్నీ రక్తానికి పంపొద్దు, తిని ఉండాలి, కళ్లు తిరిగి పడిపోతారు. అలాగే ఇన్సులిన్ వేసుకునేవాళ్లు డాక్టర్ని అడక్కుండా ఉపవాసం ఉండకూడదు, అందరితో పాటు ఉండాలని మొహమాటానికి ఉండేవాళ్లు ఎక్కువ.

మధురవాడ_ఫ్లాట్
ఫోన్ నంబర్ల పట్టిక కాగితం మీద కూడా ఉండాలి సిస్టర్. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కరెంటూ లేదు, సెల్ టవర్లూ లేవు. ఇల్లు ఎక్కడో తెలిసినవాళ్లే వెళ్లి చూడగలిగారు. పట్టికలో డోర్ నంబరు, గుర్తు, ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు ఎవరు, గ్యాస్ బండ ఎత్తలేనివాళ్లు ఎవరు అన్నది రాసి నాలుగు కాపీలు నాలుగు ఇళ్లలో ఉంచండి.

కూర్మన్నపాలెం_బి_షిఫ్ట్
ఇవన్నీ రాసుకుంటున్నాను. ఇంతకుముందు ఆగిపోయిన రెండుసార్లూ కారణం మాటలే. ప్రార్థన అంశంగా చెప్పింది ఊరంతా తెలిసింది. దీనికేం చేస్తారు?

లెక్కల_డీకన్
వాట్సాప్ గ్రూపులో సమయం, ఇల్లు, బ్లడ్ అవసరం తప్ప ఇంకేమీ పెట్టొద్దు. పేరుతో ప్రార్థన అంశం పెట్టాలంటే ఆ మనిషి స్వయంగా పెట్టాలి. "ఫలానా సిస్టర్ కాపురం కోసం ప్రార్థించండి" అని ఇంకొకరు పెట్టారంటే అది ప్రార్థన కాదు, కొండెం. ముందు ఆ మెసేజ్ తీసేయించి, తరవాత ఫోన్ చేసి చెప్పండి. గ్రూపులోనే మందలిస్తే ఇంకో రగడ.

చేదునిజం
తగాదా వస్తే మత్తయి 18:15 నుంచి 17 వరకు వరుస ఉంది. మొదట ఒంటరిగా వెళ్లి మాట్లాడాలి. వినకపోతే ఒకరిద్దర్ని వెంటబెట్టుకుని. అప్పటికీ వినకపోతే సంఘానికి. మనవాళ్లు దీన్ని తిరగేసి నడుస్తారు. ముందు సంఘానికంతా చెబుతారు, తరవాత ఇద్దరు ముగ్గుర్ని కూడగడతారు, ఆ మనిషితో మాత్రం ఎన్నటికీ మాట్లాడరు. అయ్యగారి చెవిలో వేస్తే ఆయన ఆదివారం ప్రసంగంలో పేరు చెప్పకుండా గుచ్చుతారు, అందరూ ఒకే మనిషి వైపు తిరిగి చూస్తారు. అందుకని ఎవరైనా నాయకుడి దగ్గరికి ఫిర్యాదుతో వస్తే మొదటి ప్రశ్న "ఆయనతో మాట్లాడారా?" లేదంటే, "మాట్లాడి రండి, మీరు వెళ్లేదాకా నేను ఎవరికీ చెప్పను." వారం గడువు పెట్టండి.

వెళ్లేటప్పుడు జరిగింది ఒక్కటే చెప్పాలి, పాతవి తవ్వొద్దు. "మీరెప్పుడూ ఇంతే" అనే వాక్యం నోట్లోంచి వచ్చిందంటే ఆ మాటలు అక్కడితో చెడినట్టే.

వార్డు_సిస్టర్
ఆగండి. ఈ వరుస అన్నిటికీ పనికిరాదు, ఇది స్పష్టంగా చెప్పాలి. భర్త కొడుతుంటే, పిల్లల మీద ఎవరైనా చెయ్యి వేస్తే, బాధపడ్డ మనిషిని "ముందు నువ్వెళ్లి ఒంటరిగా మాట్లాడు" అనడం దుర్మార్గం. పిల్లల మీద లైంగిక నేరమైతే 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకి చెప్పి తీరాలి, పాస్టరు గారికైనా మినహాయింపు లేదు. పిల్లలకి 1098, ఆడవాళ్లకి 181. ఈ రెండు నంబర్లూ ఆ కాగితం పట్టికలోనే పైన రాయండి. సంఘం పరువు పోతుందని కూర్చుని మాట్లాడి సర్దేసేవాళ్లు ఉంటారు, వాళ్ల మాట వినొద్దు.

చేదునిజం
ఒప్పుకుంటున్నా సిస్టర్. నేను చెప్పింది మాట పట్టింపులకి, డబ్బు తగాదాలకి.

జ్ఞానాపురం_విచారణ
చావు ఇంటి సంగతి కూడా ముందే పంచుకోండి, అప్పటికప్పుడు ఎవరికీ బుర్ర పనిచెయ్యదు. ఒకరు కాపరికి చెప్పి సమాధి తోట అనుమతి చూడాలి. ఏ సంఘంలో సభ్యత్వం, బాప్తిస్మం ఎక్కడ అని అడుగుతారు కాబట్టి ఆ కాగితం ఎక్కడుందో ఇంటివాళ్ల చేత వెతికించాలి. ఒకరు శవపెట్టె, బండి, ఫ్రీజర్ బాక్సు. ఒకరు బంధువులకి ఫోన్లు. ఇద్దరు ఆడవాళ్లు వంటింట్లో, మూడు రోజులు. ఇంట్లో చనిపోతే డాక్టరు కారణం రాసిచ్చిన కాగితం తీసుకుని 21 రోజుల్లోపు జీవీఎంసీలో (నగరపాలక సంస్థలో) నమోదు చేయించాలి, దాటితే అదనపు ఫీజు, తిరుగుడు. భూస్థాపన అయ్యాక ఆదరణ కూడిక పెట్టి అందరూ వెళ్లిపోతారు. పెన్షన్ కాగితాలు, బ్యాంకు నామినీ పని ఆ తరవాతే మొదలవుతుంది, దానికి ఒక మనిషిని రెండు నెలలు పెట్టండి.

కూర్మన్నపాలెం_బి_షిఫ్ట్
ఇప్పటికి అనుకున్నది ఇదీ. మా వైపు అయిదు ఇళ్లు, పదకొండుమంది పెద్దవాళ్లు. నాయకులు నేనూ, జనరల్ షిఫ్టు సిస్టర్ ఒకరు. మొదటిది శుక్రవారం మా ఇంట్లో. పన్నెండు వారాలకి పట్టిక వేసేశాను. పిల్లలు ఏడుగురు, వాళ్లని ఏం చెయ్యాలో తోచడం లేదు. పక్క గదిలో ఫోన్ ఇచ్చి కూర్చోబెడితే?

మధురవాడ_ఫ్లాట్
ఫోన్ ఇస్తే రెండో వారం నుంచి దానికోసమే వస్తారు. మొదటి పాట, వాక్యం చదవడం అందరితో కలిపి. పదేళ్లు దాటినవాళ్ల చేత చదివించండి. తరవాత పెద్దవాళ్లలో ఇద్దరు వంతులవారీగా పక్క గదిలో, తలుపు తీసే ఉంచి, వినిపించిన భాగాన్నే బొమ్మ వేయించడం, ఆట ఆడించడం. ఎప్పుడూ ఒక్కరినే పంపొద్దు, ఇద్దరు. టీ వేళకి మళ్లీ లోపలికి. ఏడుగురిలో ముగ్గురు అయిదేళ్లలోపు వాళ్లైతే 75 నిమిషాలు గంటకి కుదించండి.

పాతపోస్టాఫీసు_పెద్ద
బ్రదర్, పట్టిక బాగుంది, ఒక్క మార్పు. మొదటిది మీ ఇంట్లో వద్దు. బాధ్యత ఉన్నవాళ్ల ఇంట్లో మొదలైతే అది వాళ్ల కూడికగానే ఉండిపోతుంది. ఆ అయిదు ఇళ్లలో అద్దెకుండేవాళ్లు ఎవరో చూసి, వాళ్లు సరేనంటే అక్కడ పెట్టండి. కుర్చీలు మీరు మోసుకెళ్లండి. పన్నెండు వారాలు అయ్యాక ఒక సాయంత్రం ఆపి, కొనసాగాలా వద్దా అని ఒక్కొక్కర్నీ విడిగా అడగండి. ఈలోపే పన్నెండుమంది దాటితే రెండో నాయకురాలికి మూడు ఇళ్లు ఇచ్చి విడదీయండి. విడదీసిన రెండు గుంపులూ నెలకోసారి కలిసి కూర్చోవాలి, లేకపోతే అలిగినట్టు అనుకుంటారు.

కూర్మన్నపాలెం_బి_షిఫ్ట్
అద్దె ఇల్లు ఒకటుంది అయ్యా, వడ్లపూడి వైపు. రేపు ఎ షిఫ్టు దిగాక వెళ్లి ఆవిణ్ణి విడిగా అడుగుతాను.